ఇరువురు బందీలు



ఆపద వచ్చినప్పుడు దైవము మనలను చూచుచున్నాడా లేదా యను ప్రశ్న కొత్తది కాదు. చెరువు నిండని యేట రైతు అడుగును. బిడ్డ జ్వరములో పడియున్న రాత్రి తల్లి అడుగును. దీనికి శాస్త్రములలో సమాధానములు పెక్కు గలవు. నేడు నేను వాని జోలికి పోక, మన తెలంగాణమున జరిగిన చరిత్ర నొకదానిని విన్నవించెదను. అందు బందీలు ఇరువురు. ఒకడు చెరబడినవాడు, రెండవవాడు వానిని చెరబెట్టినవాడు.

కంచెర్ల గోపన్న నేటి ఖమ్మము జిల్లాలోని నేలకొండపల్లివాడు. గోలకొండ సుల్తాను అబుల్ హసన్ కుతుబ్ షాకు మంత్రులైన అక్కన్న మాదన్నలకు మేనల్లుడని ప్రతీతి. పాల్వంచ పరగణాకు తహసీలుదారై యుండి, భద్రాద్రి రామునకు ఆలయము గట్టించి, నగలు చేయించెను. ఖజానాకు చేరవలసిన ఆరు లక్షలు ఇందులకు వ్యయమైనవని చెప్పుదురు. శిస్తు రైతు చెమట గనుక, భక్తుడైనను లెక్క చెప్పవలసినదే యని నా మతము. సర్కారును అట్లే తలచి ఆయనను గోలకొండలో చెర పెట్టించెను. పండ్రెండేండ్లందురు. మేనమామలు రాజ్యమేలు మంత్రులైనను చెర తప్పలేదు.

గోలకొండకు పోయినవారు ఆ చెరసాలను చూచియే యుందురు. రాతి గది, పైనుండి కొంచెము వెలుతురు, గోడమీద రామలక్ష్మణుల, ఆంజనేయుని రూపములు. అవి గోపన్న చేతిపనియే యని చూపుదురు. మన ఇందూరు ఖిల్లాలోను రఘునాథాలయము, చెరసాల ఒక్క కొండపైననే యుండెడివి. నిజాము పాలన కడపటి దినములలో దాశరథి కృష్ణమాచార్యులు, వట్టికోట ఆళ్వారుస్వామి అందు బందీలుగా నుండిరి. దాశరథి బొగ్గుముక్కతో గోడలపై పద్యములు వ్రాసెను. చెరలోని గోడకు ఊరకుండు యోగము లేదు కాబోలు.

గోపన్న చెరలో పాడిన కీర్తనలను మనము భజనలలో పాడుచునే యున్నాము గాని, వాని ధోరణిని తరచుగా గమనింపము. వానిలో స్తోత్రమెంత గలదో దెప్పిపొడుపును అంత గలదు. సీతమ్మ పతకమునకు ఇన్ని వేలు, శత్రుఘ్నుని మొలత్రాటికి ఇన్ని వేలు పట్టినవని తహసీలుదారు రామునికే లెక్క అప్పగించును. ఎవని సొమ్ము తిని కులుకుచున్నావని నిలదీయును. వెంటనే, దెబ్బలకు తాళలేక అంటిని, కోపగింపకుమని బతిమాలుకొనును. మరియొకచోట సీతమ్మను పట్టుకొని, ఏకాంతమున నీవైన నా మాట చెప్పుమని వేడుకొనును. ఉద్యోగము చేసినవాడు గదా, సిఫారసు విలువ ఎరుగును.

రాముడు రక్షించువాడే యైనచో పండ్రెండేండ్లు ఏల తాళెనని మీలో నొకరు అడుగవచ్చును. గోపన్న పూర్వజన్మమున చిలుకను పండ్రెండు దినములు పంజరమున బెట్టెనని, అందుకు ఫలముగా పండ్రెండేండ్ల చెర యని పెద్దలు కథ చెప్పుదురు. అది పిల్లలకు చెప్పదగిన కథ. నా మనస్సు దానియందు నిలువదు. నాకు తోచినది వేరు. ఎదుట ఎవ్వరును లేరని తలచినవాడు కలహింపడు. గోపన్న ప్రతిదినము కలహించెను. విడుదల రాకమునుపే, వినువాడున్నాడను నమ్మిక ఆయనకు కలిగియుండెను. లేనిచో ఆ కీర్తనలు పుట్టవు.

నా యిల్లాలు పక్షవాతమున మూడేండ్లు మంచము పట్టినది. ఆ కాలమున నాకు స్వప్న మొకటియు రాలేదు, మహిమ యేదియు గానరాలేదు. కాని సిరికొండలో మా పొరుగింటి ముసలవ్వ తెల్లవారకమునుపే కడవెడు నీళ్లు తెచ్చి మా గడప యొద్ద దింపి పోయెడిది. నేను అడుగలేదు, ఆమె చెప్పలేదు. ఇల్లాలు గతించిన నాడును ఆ కడవ అక్కడనే యున్నది. దానిని దైవకృప యనవలెనో, ఇరుగుపొరుగు ధర్మ మనవలెనో నేను తేల్చుకొనలేదు. తేల్చవలసిన పనియు లేదని ఇప్పుడు తోచుచున్నది.

గోపన్న విడుదల కథ మీకు తెలిసినదే. రామోజీ, లక్ష్మోజీ యను ఇరువురు బంట్లు రాత్రివేళ సుల్తాను నగరికి వచ్చి బాకీ సొమ్మంతయు చెల్లించి రసీదు పుచ్చుకొనిరని, వారు రామలక్ష్మణులే యని లోకము నమ్మినది. అక్కడ కథ ఆగును. చరిత్ర ఆగలేదు.

ఆ సుల్తానును మనము తానీషా యందుము. ఆయన రాజబంధువైనను, యౌవనమున షా రాజు అను సూఫీ గురువు ఆశ్రయమున ఫకీరువలె పెరిగినవాడు. అనుకొనని రీతిని అబ్దుల్లా కుతుబ్ షాకు అల్లుడై 1672లో సింహాసన మెక్కెను. 1686లో అక్కన్న మాదన్నలు గోలకొండ వీథిలో హతులైరి. మరుసటి యేట ఔరంగజేబు కోటను ముట్టడించెను. ఎనిమిది మాసములు కోట లొంగలేదు. తుదకు లోనివాడొకడు ద్వారము తెరచెను. అబ్దుర్రజాకు లారీ యను సరదారు ఒడలెల్ల గాయములై పడువరకు పోరాడెను గాని ఫలము లేకపోయెను.

ఆ రాత్రి జరిగినది ఖాఫీఖాను అను మొగలు చరిత్రకారుడు వ్రాసినాడు. శత్రువుల పక్షమువాడు గనుక ఆయన మెచ్చుకోలు నమ్మదగినది. తానీషా అంతఃపురమునకు పోయి స్త్రీలను ఓదార్చి, కొలువుకూటమునకు వచ్చి కూర్చుండెను. మొగలు సరదారులు లోపల ప్రవేశింపగా వారిని మర్యాదతో పలుకరించి, భోజనము తెప్పించి, వారిని గూడ పిలిచెను. ఇట్టి వేళ అన్నమెట్లు సహించునని వారు ఆశ్చర్యపడిరి. ఇది నాకు భోజనవేళ యని చెప్పి, పేదరికమునందును రాజ్యమునందును తన్ను నడిపినవాడు దేవుడొక్కడే యనియు, ఇప్పుడు నాపై ఆయన చూపు తప్పినదని యేల తలంపవలెననియు అర్థము వచ్చునట్లు ఆయన బదులు చెప్పెను.

ఆయనకు రామోజీ రాలేదు, లక్ష్మోజీ రాలేదు. దౌలతాబాదు కోటలో బందీగా నుంచిరి. పండ్రెండేండ్లకు తక్కువ గాకుండ అక్కడనే గడపి, అక్కడనే కన్నుమూసెను. విడుదలయే దయకు గుర్తైనచో తానీషాకు దయ లేదనవలెను. ఆ భోజనపు పళ్లెము ముందర కూర్చున్నవానిని తలచుకొన్నప్పుడెల్ల నాకు ఆ మాట అనుటకు నోరు రాదు.

ఆయన సమాధి ఖుల్దాబాదులో నున్నది. భద్రాద్రిలో శ్రీరామనవమినాడు సీతారాముల కల్యాణమునకు సర్కారు ముత్యములు పంపు ఆచారము ఆయన కాలమున మొదలైనదని చెప్పుదురు. నిజాములు దానిని మానలేదు, తరువాతి ప్రభుత్వములును మానలేదు. ఏటేట ఆ ముత్యములు తలంబ్రాలలో కలియుచునే యున్నవి.