ఇప్పమొదలులో వెలసిన దేవుడు: శ్రీముఖలింగం



పర్లాకిమిడి, కాశీనగరం, గుణుపురం, బరంపురం ప్రాంతాల నుంచి ఈ ప్రసంగం వింటున్న మీలో చాలామంది ఎప్పుడో ఒకప్పుడు శివరాత్రికి ముఖలింగం వెళ్ళినవారే అయివుంటారు. పండుగ తరువాత జరిగే చక్రతీర్థ స్నానానికి వంశధార ఇసుకలో జనం కిక్కిరిసి ఉంటారు. ఆ జనంలో తెలుగు మాట ఎంత వినిపిస్తుందో ఒడియా మాట కూడా అంత వినిపిస్తుంది. ఈ నది కూడా అటువంటిదే. ఒడిశా కొండల్లో పుట్టి, మన పొలాలు తడుపుకొంటూ వచ్చి, కళింగపట్నం దగ్గర సముద్రంలో కలుస్తుంది. ఆ నది ఎడమ గట్టున, శ్రీకాకుళం జిల్లా జలుమూరు మండలంలో ఉంది శ్రీముఖలింగం.

ఇక్కడ మూడు శివాలయాలున్నాయి: మధుకేశ్వరం, సోమేశ్వరం, భీమేశ్వరం. వీటి శిఖరాలు భువనేశ్వరం గుడుల శిఖరాల్లా కిందినుంచి నిలువుగా లేచి, పైకి పోయేకొద్దీ లోపలికి వంగుతాయి. మధుకేశ్వరుని గుడికి నాలుగు మూలలా చిన్న గుడులు కూడా ఉన్నాయి. తలుపుల చుట్టూ, గోడలమీదా ఉన్న శిల్పాలు చూడాలంటే ఒక పూట చాలదు.

ముందు ఊళ్ళో చెప్పుకొనే కథ చెబుతాను. మీలో పెద్దవారికి ఇది తెలిసినదే. పూర్వం ఇక్కడంతా అడవి. ఒక సవర నాయకుడికి ఇద్దరు భార్యలు. వారి ఇంటి దగ్గర ఒక పెద్ద ఇప్పచెట్టు, దానికి రెండు కొమ్మలు. ఒక్కొక్క కొమ్మ కింద రాలిన పువ్వు ఒక్కొక్క భార్య ఏరుకోవాలని ఏర్పాటు. చిన్నామె శివభక్తురాలు. ఆమె కొమ్మనుంచి బంగారు పువ్వులు రాలేవట, పెద్దామెకు మాత్రం మామూలు పువ్వులే. ఇంక పోరు మొదలైంది. విసిగిపోయిన నాయకుడు గొడ్డలి తీసుకొని చెట్టునే నరికేశాడు. ఆ నరికిన మొదలులో శివుడి ముఖం కనిపించింది. అందుకే ముఖలింగం. ఇప్పను సంస్కృతంలో మధుకమంటారు కనుక స్వామి మధుకేశ్వరుడయ్యాడు.

గర్భగుడిలో లింగం వెనక ఒక పెద్ద గోలెం ఉంది. దానికీ ఒక కథ ఉంది. బిడ్డలు లేని ఒక కుమ్మరి మొక్కుకొని, మొక్కు తీరాక ఆ గోలెం చేసి తెచ్చాడట. అది గుడి తలుపుకన్నా పెద్దదైపోయింది. శివుడి దయవల్లనే లోపలికి చేరిందంటారు. ఇక్కడ కోటికి ఒక్క లింగం తక్కువైందనీ, లేకపోతే ఇదే కాశీ అయ్యేదనీ కూడా మన పెద్దలు చెబుతారు.

ఇవన్నీ కథలే కదా, చరిత్ర ఏమంటుంది అని మీరు అడగవచ్చు. తూర్పు గంగ రాజు అనంతవర్మ చోడగంగదేవుడు 1078లో రాజ్యానికి వచ్చాడు. పూరీ జగన్నాథుని పెద్దగుడి కట్టడం మొదలుపెట్టినవాడు ఈయనే. శకం 1040, అంటే క్రీస్తుశకం 1118 ప్రాంతంలో ఈయన వేయించిన ఒక రాగిశాసనం తన వంశంలోని పూర్వరాజుల సంగతి చెబుతుంది. వారిలో రెండవ కామార్ణవుడు నగరమనే పట్నంలో ఈశ్వరునికి ఎత్తయిన గుడి కట్టించాడనీ, ఆ లింగం మధుకవృక్షం నుంచి పుట్టింది కనుక మధుకేశుడని పేరుపెట్టాడనీ అందులో ఉంది. అంటే ఇప్పచెట్టు కథ నిన్న మొన్నటిది కాదు. తొమ్మిది వందల ఏళ్ళ కిందటే రాజులు రాగిరేకుమీద చెక్కించుకొన్నంత పాతది.

అయితే శాసనం రాజును చెప్పింది గాని సవరలను చెప్పలేదు. ఆ చెట్టు ఎవరిదో, గొడ్డలి ఎవరి చేతిలో ఉందో చెప్పినది ఊరి కథే. గుడి రాజు కట్టించాడు, దేవుణ్ణి మొదట చూసినవారు మాత్రం అడవిబిడ్డలు. ఈ రెండో మాట రాతిమీద లేదు. అమ్మమ్మల నోటిలోనే నిలిచింది.

ఆ గంగరాజుల రాజధాని కళింగనగరం ఎక్కడుందో చాలాకాలం తేలలేదు. అది ముఖలింగమేనని వాదించి నిరూపించినవారు మన గిడుగు వెంకట రామమూర్తి పంతులుగారు. 1863 ఆగస్టు 29న ఆయన పుట్టిన పర్వతాలపేట ముఖలింగానికి దగ్గరి ఊరే. పర్లాకిమిడిలో పంతులుగా పనిచేస్తూ, ఈ గుడిలోని శాసనాలను సొంతంగా చదవడం నేర్చుకొన్నారు. ఆ చేత్తోనే సవరలనూ వదలలేదు. వారి భాష నేర్చి, వారి పిల్లలకు బడులు పెట్టి, 1931లో ఆ భాషకు వ్యాకరణం, 1938లో నిఘంటువు వెలువరించారు. రాతిమీది మాటనూ, సవరల నోటి మాటనూ సమానంగా గౌరవించిన మనిషి ఆయన.

1936 ఏప్రిల్ 1న ఒడిశా రాష్ట్రం ఏర్పడి పర్లాకిమిడి అందులో చేరింది. ఆ ఏర్పాటు సమ్మతం కాక పంతులుగారు యాభై ఏళ్ళకు పైబడి బతికిన ఊరు విడిచి రాజమహేంద్రవరం వెళ్ళిపోయారు. 1940 జనవరి 22న కన్నుమూశారు. ఎల్లలు గీసినప్పుడు మనుషులకు కలిగే బాధ ఎటువంటిదో మీ ఇళ్ళలోని పెద్దలకు నేను చెప్పనక్కరలేదు.

కాని గీత దేవుడిదాకా పోలేదు. నేటికీ సవరలు ఆ ఎల్లకు ఇరువైపులా కొండల్లో ఉన్నారు. అటు తెలుగువారూ, ఇటు ఒడియావారూ అదే రేవులో మునుగుతారు. ఈసారి మీరు ముఖలింగం వెళ్ళినప్పుడు పిల్లలను వెంట తీసుకువెళ్ళండి. గోడలమీది అక్షరాలు చూపించండి, గంగరాజుల పేర్లు చెప్పండి. ఆ పేర్లతోపాటు ఇప్పచెట్టు కథనూ, అందులోని సవర నాయకుణ్ణీ చెప్పండి. కథలో ఆ ఒక్కరినీ మనం మరిచిపోతే, గుడి నిలిచినా దానికి వేరు పోయినట్లే.