పై గదికి దారేది?

నెలలో 18వ తేదీ, రాత్రి ఎనిమిదిన్నర. తెనాలిలో ఒక మేడ ఇల్లు. కింది హాల్లో, కాలికి పిండికట్టుతో మంచం మీద అకౌంటెంటుగారు. ఒళ్లో లాప్‌టాప్. ఆయన పని చేసుకునే కంప్యూటరు మాత్రం మేడ మీద గదిలో ఉంది. దాని టాలీలో చిన్న వ్యాపారుల లెక్కలన్నీ ఉన్నాయి. 20వ తేదీలోగా వాళ్ల జీఎస్టీఆర్-3బీ రిటర్నులు వేయాలి. గడువు దాటితే పన్ను కట్టాల్సిన ఒక్కో వ్యాపారికి రోజుకు 50 రూపాయల ఆలస్య రుసుము, బాకీ మీద ఏడాదికి 18 శాతం వడ్డీ. మెట్లెక్కితే ఊరుకోనని డాక్టరు చెప్పేశాడు. వైర్లు పీకి కంప్యూటరును కిందికి దింపుదామంటే, డేటాకు ఏమవుతుందోనని ఆయన ఒప్పుకోవడం లేదు.

"రిమోట్ డెస్క్‌టాప్ పెడదాం నాన్నా. మంచం మీంచే పై కంప్యూటరు నడపొచ్చు," అంది హైదరాబాదు నుంచి ఫోన్లో కూతురు.

పై కంప్యూటరులో ఉన్నది విండోస్ ప్రో. హోమ్ అయితే ఈ సదుపాయమే లేదు. వాళ్లమ్మ పైకెళ్లి, కూతురు చెప్పినట్టే సెట్టింగ్స్‌లో మీట ఆన్ చేసింది. ఆ కుర్చీలో ఆవిడ కూర్చోవడం అదే మొదటిసారి.

కింద ఆయన కనెక్ట్ నొక్కారు. కుదరలేదు. అవతలి కంప్యూటరు అనుమతించడం లేదేమో, ఆగిపోయి ఉందేమో, నెట్‌వర్క్‌లో అందుబాటులో లేదేమో అంటూ తెర మీద మూడు కారణాలు కనిపించాయి. ఎవరైనా మొదటి రెండింటినే పట్టుకుంటారు. వీళ్లూ అంతే. మీట మళ్లీ చూశారు, ఫైర్‌వాల్ చూశారు, రీస్టార్ట్ చేశారు. తొమ్మిదిన్నర దాటింది. "పోనీలే, ఫైను కట్టేస్తాను," అన్నారాయన. వ్యాపారుల తరఫున తన జేబులోంచి అని దానర్థం.

"అమ్మా, ఐపీకాన్‌ఫిగ్ అని కొట్టు. ఐపీవీ4 అడ్రస్ పక్కన ఏముందో చదువు."

"నూట తొంభై రెండు, నూట అరవై ఎనిమిది, సున్నా, నూట అయిదు."

"నాన్నా, మీ లాప్‌టాప్‌లో?"

"నూట తొంభై రెండు, నూట అరవై ఎనిమిది, ఒకటి, ఏడు."

"మూడో అంకె మళ్లీ చెప్పండి."

"ఒకటి."

"అమ్మా, నీకు?"

"సున్నానే తల్లీ. తప్పా?"

తప్పేమీ లేదు. అసలు సంగతంతా ఆ అంకెలోనే ఉంది.

ఫైబర్ కనెక్షన్ ఇచ్చినవాళ్లు హాల్లో ఒక పెట్టె బిగించారు. రౌటరు కూడా అదే. మేడ మీదికి వైఫై అందడం లేదని తర్వాత ఇంకో రౌటరు కొన్నారు. బిగించిన కుర్రాడు కింది పెట్టె నుంచి కేబుల్ లాగి, కొత్తదాని వాన్ పోర్టులో పెట్టాడు. పైన నెట్ వచ్చింది, అందరూ సంతోషించారు. అలా పెట్టినప్పుడు పై రౌటరు తన వెనక సొంతంగా ఇంకో నెట్‌వర్క్ కట్టుకుంటుందని ఎవరూ చెప్పలేదు. అది గేటు దగ్గర కాపలాదారు లాంటిది: లోపలివాళ్లు బయటికి పంపిన కబురుకు జవాబొస్తే రానిస్తుంది, పిలవని వాళ్లను అక్కడే ఆపేస్తుంది. అందుకే పైనుంచి 192.168.1.1కి పింగ్ కొడితే వెంటనే పలికింది. కిందినుంచి 192.168.0.105కి కొడితే ఉలుకూ పలుకూ లేదు. ఆ అడ్రసు తన మేడ మీదే ఉందని కింది పెట్టెకు తెలియదు. దాన్ని బయటికి, ఫైబర్ కంపెనీ వైపు తోసేస్తుంది.

అనుమానం తీరడానికి పైనుంచి ట్రేసర్ట్ కూడా కొట్టించింది కూతురు. మొదటి మజిలీ 192.168.0.1, రెండోది 192.168.1.1. ఒకే ఇంట్లో వరసగా రెండు రౌటర్లు అడ్రసులు మారుస్తున్నాయి. డబుల్ నాట్ అంటే ఇదే.

పై రౌటరు పాతది, సొంత నెట్‌వర్క్ కట్టకుండా వైఫై మాత్రమే అందించే యాక్సెస్ పాయింట్ మోడ్ అందులో లేదు. అయినా దారుంది. ముందు దాని డీహెచ్‌సీపీని, అంటే అడ్రసులు పంచే పనిని, ఆపించింది. తర్వాత దాని సొంత అడ్రసును, కింది పెట్టె ఎవరికీ పంచని 192.168.1.250కి మార్పించింది. చివరికి, "వాన్ పోర్టులో ఉన్న వైరు తీసి పక్కన లాన్ పోర్టులో పెట్టమ్మా," అంది. చెయ్యి వణుకుతుంటే ఆవిడ క్లిప్పు నొక్కి, తీసి, మార్చింది. కంప్యూటరు మళ్లీ ఆన్ అయింది. మూడో అంకె ఒకటికి మారింది.

ఈసారి కనెక్షన్ వెళ్లింది, లాగిన్ మాత్రం తిరగ్గొట్టింది. ఇంట్లో తనొక్కడే వాడే కంప్యూటరని ఆయన పాస్‌వర్డే పెట్టుకోలేదు. ఖాళీ పాస్‌వర్డుతో దూరం నుంచి ఎవరినీ విండోస్ రానివ్వదు. చాలా మంచి నియమం. గట్టి పాస్‌వర్డు పెట్టించారు, కంప్యూటరు నిద్రలోకి జారకుండా సెట్ చేయించారు. పది దాటాక కింది తెర మీద టాలీ తెరుచుకుంది. మెట్లు దిగొచ్చిన భార్యను చూసి, "నువ్వే చేశావు," అన్నారాయన. ఈ కథలో నాకు అన్నిటికన్నా నచ్చిన మాట అది.

మర్నాడు ఆయనకు ఇంకో ఆశ పుట్టింది: గుంటూరు ఆసుపత్రి నుంచి కూడా చూసుకుంటే? రౌటరులో 3389 పోర్టు తెరిస్తే చాలని ఎవరో చెప్పారట. కూతురు ససేమిరా అంది. ఆమె మాటే సరైనది. రిమోట్ డెస్క్‌టాప్‌లో బ్లూకీప్ అనే లోపం బయటపడినప్పుడు, 2014లోనే మద్దతు ఆపేసిన విండోస్ ఎక్స్‌పీకి సైతం మైక్రోసాఫ్ట్ 2019 మేలో సవరణ విడుదల చేయాల్సి వచ్చింది. ప్రమాదం అంతటిది. పైగా వీళ్ల పెట్టెకు బయటివైపున్న అడ్రసు 100.64తో మొదలవుతోంది. కంపెనీయే ఒక అడ్రసును ఎంతోమందికి పంచుతోందన్నమాట. పోర్టు తెరిచినా పిలుపు ఇల్లు చేరదు. బయటినుంచి కావాలంటే, ఇంటి కంప్యూటరే లోపలినుంచి బయటికి కలుపుకునే తరహా వీపీఎన్ పెట్టుకోవడమే సురక్షితం.

రిటర్నులన్నీ 20 సాయంత్రానికి దాఖలయ్యాయి. మీ ఇంట్లోనూ రెండో రౌటరు ఉంటే, దాన్ని యాక్సెస్ పాయింటుగా పెట్టారా లేదా అని బిగించినవాళ్లను ఈ వారమే అడగండి. వాళ్లు తెలియదంటే, రెండు చోట్లా మూడో అంకె మీరే చూసుకోండి.