గోలు ముందు మోకరిల్లినవాడు – గజ్జలోని గాయం

గజ్జ అన్న మాటను ఈ మధ్య ఎవరూ నోట పలకడం లేదు. పత్రికలవారు సైతం ఆటగాడికి 'గ్రోయిన్ గాయం' అయిందని రాసి ఊరుకుంటున్నారు. ఆ చోటు పేరును తెలుగులో చెప్పడానికి బిడియం కాబోలు! పొత్తికడుపు ముగిసి తొడ మొదలయ్యే మడత గజ్జ. సంస్కృతంలో వంక్షణం. సుశ్రుతుడు దేహంలో 107 మర్మాలను లెక్కించి, వంక్షణానికీ వృషణానికీ నడుమ ఉన్న దానికి విటపమని పేరు పెట్టాడు. అక్కడ దెబ్బ తగిలితే ప్రాణం పోదు, వైకల్యం మిగులుతుందని దానిని వైకల్యకర మర్మాలలో చేర్చాడు. కాలికి కట్టే గజ్జెకూ దీనికీ చుట్టరికం లేదు. గజ్జికి అసలే లేదు.

ఈ టపా ఆ గజ్జ గురించే. అయితే ఐస్ హాకీలో గోలు కాచేవాడి గజ్జ గురించి. తెలుగు పండితుడికి మంచు మీది ఆటతో పనేమిటని మిత్రులు నవ్వుకోవచ్చు. ఒట్టావాలో ఉన్న మా మనవడు గోలీ. వాడి ఆట చూస్తూ చూస్తూ, ఈ ఆట చరిత్ర చదవడం నాకు వ్యసనమైంది. చదివిన కొద్దీ ఒక సంగతి స్పష్టపడింది. వంద సంవత్సరాలలో గోలీ గాయం ముఖం మీది నుంచి గజ్జలోకి దిగింది. కంటికి కనబడే చోటి నుంచి కనబడని చోటికి మారింది. ఆ మార్పుతో గాయపడినవాడి పరువు కూడా మారిపోయింది.

ఆట ఎరుగనివారికి రెండు మాటలు. గోలు వెడల్పు 6 అడుగులు, ఎత్తు 4 అడుగులు. బంతికి బదులు గట్టి రబ్బరు బిళ్ళ. అడ్డుకొలత 3 అంగుళాలు, మందం 1 అంగుళం. దానిని పక్ అంటారు. బలమైన ఆటగాడు కొడితే అది గంటకు 160 కిలోమీటర్లకు మించిన వేగంతో వస్తుంది. దానికి అడ్డంగా నిలిచేవాడు గోలీ.

నిలిచేవాడు అన్నాను. మొదట్లో అతడు నిజంగానే నిలిచి ఉండాలి. గోలీ మంచు మీద పడుకోరాదు, మోకరిల్లరాదు. అలా చేస్తే శిక్ష. 1917 నవంబరులో మాంట్రియల్‌లో నేషనల్ హాకీ లీగ్ పుట్టినప్పుడు ఈ నియమమే అమలులో ఉంది. ఒట్టావా జట్టు గోలీ క్లింట్ బెనెడిక్ట్ దీనికొక ఉపాయం పన్నాడు. కాలు జారినట్టు నటిస్తూ పదే పదే మోకాళ్ల మీద పడేవాడు. ప్రేక్షకులు అతడికి 'ప్రార్థనల బెన్నీ' అని పేరు పెట్టారు. ఎన్నిసార్లని శిక్షిస్తారు? ఏది జారుడో, ఏది నటనో రిఫరీ ఎలా తేల్చగలడు? 1918 జనవరిలో లీగ్ నియమాన్ని సడలించింది. గోలీలు ఇష్టం వచ్చినట్టు పడవచ్చునంది. గజ్జ గాయపు చరిత్రకు అదే నాంది అని నా అభిప్రాయం. ఆ రోజున మాత్రం ఎవరికీ ఆ ఊహ కూడా వచ్చి ఉండదు.

ఆ తరువాత నలభై ఏళ్లపాటు గోలీలకు ప్రధానమైన గాయం ముఖానిదే. తొడుగు లేదు. 1930లో హోవీ మోరెంజ్ కొట్టిన పక్ తగిలి ముఖం చితికిపోగా, అదే బెనెడిక్ట్ తోలు తొడుగు ధరించి కొన్ని ఆటలు ఆడాడు. చూపుకు అడ్డం వస్తున్నదని వదిలేశాడు. 1959 నవంబరు 1న న్యూయార్కులో ఆండీ బాత్‌గేట్ కొట్టిన పక్ మాంట్రియల్ గోలీ జాక్ ప్లాంట్ ముఖాన్ని చీల్చింది. లోపలికి వెళ్లి కుట్లు వేయించుకున్న ప్లాంట్, తొడుగు లేనిదే తిరిగి ఆడనన్నాడు. శిక్షకుడు టో బ్లేక్‌కు అది బొత్తిగా గిట్టదు. కాని మరో గోలీ సిద్ధంగా లేడు, ఒప్పుకోక తప్పలేదు. ఆ రాత్రి మాంట్రియల్ 3–1తో గెలిచింది. అయినా పౌరుషం ఒక్క రోజులో తగ్గేది కాదు. లీగ్‌లో ముఖతొడుగు లేకుండా చివరి గోలీ ఆడినది 1974లో.

1966లో 'లైఫ్' పత్రిక టెర్రీ సావ్‌చుక్ ఫొటో ఒకటి వేసింది. అప్పటివరకు అతడి ముఖం మీద పడిన కుట్లను అలంకరణ కళాకారుడు తిరిగి చిత్రించగా తీసిన ఫొటో అది. చూస్తే ఒళ్లు జలదరిస్తుంది. అదే సమయంలో ఆ మనిషి మీద గౌరవమూ కలుగుతుంది. నేను చెప్పదలచుకున్నది ఇదే. ముఖం మీది గాయం వీరుడికి పతకం వంటిది. దానికి సాక్ష్యం అక్కరలేదు.

ఇక గాయం కిందికి ఎలా దిగిందో చూద్దాం. 1950లలో గ్లెన్ హాల్ అనే గోలీ ఒక కొత్త భంగిమకు రూపం ఇచ్చాడు. మోకాళ్లు రెండూ దగ్గరగా మంచుకు ఆనించి, పిక్కలను చెరోవైపు విసిరినట్టు పరుస్తాడు. అప్పుడు గోలు అడుగుభాగమంతా మూసుకుపోతుంది. పైనుంచి చూస్తే రెక్కలు విప్పిన సీతాకోకచిలుక! దానికి ఆ పేరే స్థిరపడింది. హాల్ 1955 నుంచి 1962 దాకా వరుసగా 502 ఆటలు పూర్తిగా ఆడాడు, అదీ ముఖానికి తొడుగు లేకుండానే. ఆ వరుస తెగింది గజ్జ వల్ల కాదు, నడుము నొప్పి వల్ల. 1986లో ఇరవై ఏళ్ల పాట్రిక్ రువా మాంట్రియల్‌కు స్టాన్లీ కప్ గెలిచిపెట్టాక, అతడిని చూసి పెరిగిన పిల్లలంతా సీతాకోకచిలుకలైపోయారు. నేడు నిలువుగా ఆడే గోలీని మ్యూజియంలో వెదకాలి.

ఈ భంగిమ దేహానికి ఏమి చేస్తుందో పాఠంలా చెబుతాను, పాత అలవాటు పోదు కదా! తొడ లోపలి వైపున ఐదు కండరాలు ఉన్నాయి. కటి ముందుభాగపు ఎముక దగ్గర మొదలై ఇవి కిందికి దిగుతాయి. విడివడిన కాళ్లను దగ్గరకు లాగడం వీటి పని. మంచు మీద జారేవాడు కాలిని పక్కకు నెట్టినప్పుడు, ఆ కాలు అదుపు తప్పి పోకుండా పట్టి ఆపేవి ఇవే. అంటే సాగుతూనే బిగుసుకోవాలి, పగ్గం పట్టినవాడి చేతుల వలె. కండరం చిట్లేది సాధారణంగా ఆ క్షణంలోనే. గోలీ పని ఇంకా కష్టం. మోకాళ్ల మీదికి కూలబడాలి, కూలబడినచోటి నుంచి పక్కకు నెట్టుకోవాలి, ఒక్క కాలు చాచి దూరపు మూలను మూయాలి, మరుక్షణం లేవాలి. సాధన వేళ ఇదంతా ఎన్ని వందలసార్లో! పైగా సీతాకోకచిలుక భంగిమలో తొడ ఎముక తుంటి గిన్నెలో లోపలి వైపు తిరుగుతుంది. అక్కడ ఎముక ఎముకను ఒరుసుకుంటే నొప్పి గజ్జలోనే తెలుస్తుంది. స్విట్జర్లాండు శస్త్రవైద్యుడు రైన్‌హోల్డ్ గాంజ్, ఆయన సహచరులు 2003లో ఈ ఒరిపిడిని వివరించేదాకా, కండరం నొప్పి అనుకుని సరిపెట్టుకున్నవారు ఎందరో.

లీగ్‌లో 1991–92 నుంచి 1996–97 వరకు ఆరు సీజన్‌ల లెక్కలు తీసిన కెనడా పరిశోధకులు, గోలీలనే కాక ఆటగాళ్లందరినీ కలిపి, గజ్జలోనూ పొత్తికడుపులోనూ కండరాలు పట్టేసిన సందర్భాలు 617 అని 1999లో ప్రకటించారు. నూరుమంది ఆటగాళ్లకు ఏడాదికి సుమారు 13 ఉన్న గాయాలు ఆ ఆరు సీజన్‌లలో 20కి చేరాయి. వీటిలో చాలావరకు ఎవరి తాకిడీ లేకుండా అయినవే.

అసలు చిక్కు ఆ చివరి మాటలో ఉంది. ఎవరూ కొట్టలేదు, రక్తం లేదు, కట్టు లేదు. మా బడిలో కబడ్డీ ఆడే పిల్లవాడు గజ్జ పట్టేసిందని కూలబడితే తోటివాళ్లు ఏమనేవారో నాకు బాగా తెలుసు. 'నాటకం' అనేవారు. తల పగిలినవాడిని మాత్రం భుజాల మీద మోసుకుపోయేవారు. మహాభారతంలో సైతం గదాయుద్ధంలో నాభికి దిగువ కొట్టరాదన్న ధర్మం ఉన్నది. తొడలు విరిగిన దుర్యోధనుడిని నాయకుడిగా నిలబెట్టి భాసుడు 'ఊరుభంగం' రాశాడు. కాని అక్కడా గదాఘాతం అందరి ఎదుటా జరిగింది. ఎదుట ఎవరూ కొట్టకుండా, తనకు తానే లోపల చిట్లిన తొడ కండరానికి కావ్యగౌరవం దక్కిన జాడ నాకు కనబడలేదు.

ఈ అపనమ్మకపు భారం మోసినవారిలో ప్రముఖుడు డొమినిక్ హాషెక్. చెక్ దేశంలోని పార్డుబీస్ పట్టణంలో 1965లో పుట్టాడు. గోలీలకు ఇచ్చే వెజినా ట్రోఫీని ఆరుసార్లు, లీగ్‌లో అత్యుత్తమ ఆటగాడికి ఇచ్చే హార్ట్ ట్రోఫీని రెండుసార్లు గెలిచాడు. హార్ట్ ట్రోఫీని రెండుసార్లు గెలిచిన గోలీ మరొకడు లేడు. 1998 నగానో ఒలింపిక్స్ సెమీఫైనల్ షూటవుట్‌లో కెనడా కొట్టిన ఐదింటినీ ఆపాడు. ఫైనల్లో రష్యాను ఒక్క గోలూ కొట్టనీయలేదు. అతడి ఆటకు శాస్త్రం లేదనేవారు. వెల్లకిలా పడతాడు, దొర్లుతాడు, కాళ్లు విపరీతంగా చాస్తాడు. ఆ వంపులే అతడి బలం, ఆ వంపులే అతడి గజ్జకు శత్రువులు.

1997 ప్లేఆఫ్స్‌లో మోకాలు నొప్పి వల్ల అతడు ఆట మధ్యలో తప్పుకున్నాడు. అది నిజమైన గాయమేనా అని ఒక పత్రికా రచయిత సందేహం వెలిబుచ్చాడు. హాషెక్ కోపం పట్టలేక ఆయన చొక్కా పట్టుకుని మూడు ఆటల నిషేధం అనుభవించాడు. చేసినది తప్పే. కాని ఆ సందేహం గాయం కంటే లోతుగా దిగినదని నా ఊహ. 1999 వసంతంలో గజ్జ నొప్పితో సెమీఫైనల్ మొదటి రెండు ఆటలకు దూరమయ్యాడు. ఆ వేసవిలో, మరొక్క సీజన్ ఆడి విరమిస్తానని చెప్పాడు. అక్టోబరులో గజ్జ చిట్లింది. ఆ సీజన్‌లో దాదాపు సగం పోయింది. అలా ముగించడం ఇష్టంలేక విరమణను వాయిదా వేశాడు. 2002లో డెట్రాయిట్‌తో స్టాన్లీ కప్ గెలిచి తప్పుకున్నాడు. 2003లో తిరిగి వచ్చాడు. 14 ఆటలకే మళ్లీ అదే గజ్జ.

ఇక్కడ అతడు చేసిన పని నన్ను కట్టిపడేసింది. కోలుకునే కాలానికి జీతం వద్దన్నాడు. అలా వదులుకున్నది దాదాపు 30 లక్షల డాలర్లని తరువాత స్వదేశపు పత్రికలకు చెప్పాడు. గాయపడినవాడికి జీతం న్యాయంగా రావలసినదే, ఎవరూ తిరిగి అడగలేదు. మరి ఎందుకు వద్దన్నట్టు? నటిస్తున్నాడన్న మాట ఇంకెవరి నోటా రాకూడదని కావచ్చునని నేననుకుంటాను. 2004 ఏప్రిల్‌లో ప్రాగ్‌లో శస్త్రచికిత్స చేయించుకున్నాడు.

2005–06లో ఒట్టావా తరఫున 43 ఆటలాడి 28 గెలిపించాడు. ఒట్టావా ప్రజలు ఈసారి కప్పు మనదేనన్నారు. ఫిబ్రవరి 15న టురిన్ ఒలింపిక్స్‌లో జర్మనీతో మొదటి ఆట. పట్టుమని పది నిమిషాలైనా కాలేదు. ఒక పక్‌ను ఆపబోతూ కుడి తొడ లోపలి కండరాన్ని పట్టుకుని తప్పుకున్నాడు. చెక్ జట్టు అతడు లేకుండానే కాంస్యం గెలిచింది. ఒట్టావా మాత్రం వసంతమంతా అతడి కోసం ఎదురుచూసి, రెండో రౌండులో బఫలో చేతిలో ఓడింది. ఇరవై ఏళ్లు గడిచినా ఆ ఊళ్లో ఆ మాట ఎత్తితే పెద్దవాళ్లు నిట్టూర్చడం నేను విన్నాను.

వైద్యం సంగతి క్లుప్తంగా చెబుతాను. పూర్వం విశ్రాంతి, మర్దన, కాపడం, నెమ్మదిగా సాగదీయడం, ఇంతే. డెన్మార్క్ వైద్యుడు పెర్ హోల్మిక్ బృందం దీర్ఘకాలపు గజ్జ నొప్పి ఉన్న 68 మంది క్రీడాకారులను రెండు గుంపులు చేసి పరిశీలించి, 1999లో ఫలితాలు వెల్లడించింది. తొడ కండరాలకూ కడుపు కండరాలకూ బలం కూర్చే కసరత్తులు చేసినవారిలో 23 మంది నొప్పి లేకుండా ఆటకు తిరిగి వచ్చారు. పాతపద్ధతి చికిత్స పొందినవారిలో వచ్చినవారు నలుగురే. 2001లో న్యూయార్కు పరిశోధకులు ఐస్ హాకీ ఆటగాళ్లనే కొలిచి చూశారు. కాలిని లోపలికి లాగే బలం, బయటికి నెట్టే బలంలో 80 శాతానికి తగ్గితే, కండరం చిట్లే అవకాశం 17 రెట్లు ఎక్కువట. బలహీనులను ముందే గుర్తించి సీజన్‌కు మునుపే కసరత్తు చేయిస్తే, రెండు సీజన్‌లలో 11 ఉన్న గాయాలు తరువాతి రెండింటిలో 3కు దిగాయి. నొప్పి తగ్గగానే కాదు, ఆ బలం తిరిగి వచ్చాకే ఆడించాలన్న పద్ధతి వీటి పుణ్యమే. మా మనవడి శిక్షకుడు కూడా, పన్నెండేళ్ల పిల్లల చేత మోకాళ్ల నడుమ బంతి నొక్కిపట్టిస్తాడు. వాళ్లకది ఆట.

నొప్పి కండరానిది కాక తుంటిదైతే కత్తి పట్టవలసి వస్తుంది. బోస్టన్ గోలీ టిమ్ థామస్ 2010లో తుంటికి శస్త్రచికిత్స చేయించుకున్నాడు. 2011లో 37 ఏళ్ల వయసున ఫైనల్ ఏడో ఆటలో వాంకూవర్‌ను సున్నాకు కట్టడి చేసి స్టాన్లీ కప్ ఎత్తాడు.

హాషెక్ విషయానికి వస్తే, టురిన్‌తో అతడి పని అయిపోయిందనే చాలామంది అనుకున్నారు. డెట్రాయిట్ మాత్రం తక్కువ జీతానికి, ఆడినదానిని బట్టి పెరిగే ఒప్పందంతో పిలిచింది. 2006–07లో అతడు 56 ఆటలాడి 38 గెలిచాడు. 2008లో మరో స్టాన్లీ కప్ అందుకుని, అమెరికా వదిలి సొంత ఊరు పార్డుబీస్ చేరి, 2010లో ఆ జట్టుకు చెక్ లీగ్ టైటిల్ గెలిచిపెట్టాడు. మరొక సీజన్ మాస్కోలో ఆడాడు. 2012 అక్టోబరులో ఆటను విరమించేనాటికి అతడికి 47 ఏళ్లు.