దక్షిణ ఇటలీ పురములు – కంచు రేకులపై నిలిచిన లెక్కలు

ఇటలీ దేశపు పటమును చూచినచో అది మధ్యధరా సముద్రములోనికి చాచిన పాదమువలె కన్పించును. ఆ పాదపు మడమనుండి వ్రేళ్ళవరకు గల తీరమంతటను, క్రీస్తుకు పూర్వము ఎనిమిదవ శతాబ్దము మొదలుకొని గ్రీకులు ఓడలపై వచ్చి పురములు నిర్మించుకొనిరి. స్వదేశమున పంటభూమి చాలక కొందరు, వర్తకము కోరి కొందరు, అంతఃకలహములచే కొందరు ఇట్లు వలస వచ్చిరి. ఆ సీమకు ‘మహాగ్రీసు’ అను పేరు కలిగినది. నేడు ఆ పురములు చాలవరకు పొలముల క్రిందను, ఇసుక క్రిందను ఉన్నవి. త్రవ్వకములలో దొరికిన వస్తువులను అక్కడి పట్టణములు పురావస్తు ప్రదర్శనశాలలందు భద్రపరచినవి.

ఈ స్థలములను దర్శించువారు సాధారణముగా దేవాలయములను, విగ్రహములను, చిత్తరువులను చూచి ఆనందింతురు. అది ఉచితమే. కాని అదే శాలలలో, అంతగా ఎవరును నిలువని అద్దాల పెట్టెలయందు, ఆ జనులు వ్రాసికొన్న లెక్కలు కలవు. ఆ రెండింటిని ప్రక్కప్రక్కన పెట్టి చూచినగాని ఆ పురముల చరిత్ర పూర్తిగా బోధపడదు.

నేపుల్సు నగరమునకు దక్షిణముగా, సముద్రమునకు చేరువనున్న మైదానమున పేస్టమ్ కలదు. క్రీ.పూ. 600 ప్రాంతమున సిబారిస్ పురమునుండి వచ్చిన గ్రీకులు దీనిని స్థాపించి పొసైడోనియా అని పేరిడిరి. ఇచటి మూడు రాతి దేవాలయములు దాదాపు రెండువేల అయిదువందల ఏండ్లుగా నిలిచియున్నవి. బలిసిన స్తంభములు, వానిపై బరువైన దూలపు రాళ్ళు, పైన కప్పు లేక కన్పించు ఆకాశము – ఈ దృశ్యము చూచువారిని మౌనులను చేయును. అయినను పదునెనిమిదవ శతాబ్దపు పండితులు వీనిలో ఒకదానిని సభామందిరమనియు, మరియొకదానిని సముద్రదేవుని ఆలయమనియు భ్రమపడిరి. ఆ తప్పు పేర్లు నేటికిని వాడుకలో మిగిలియున్నవి. అచటి ప్రదర్శనశాలలో 1968వ సంవత్సరమున దొరికిన ఒక సమాధి పలకలు కలవు. మూతరాతి లోపలివైపున ఒక యువకుడు ఎత్తునుండి నీటిలోనికి దుముకుచున్నట్లు చిత్రింపబడియున్నాడు. క్రీ.పూ. అయిదవ శతాబ్దపు ఆ చిత్రము లోకప్రసిద్ధి గాంచినది. అది ఎవరి సమాధియో చెప్పు అక్షరము ఒక్కటియు దానిపై లేదు.

పాదపు వ్రేళ్ళకొనయందు, సిసిలీ ద్వీపమున కెదురుగా రెజ్జో కలాబ్రియా పట్టణమున్నది. 1972 ఆగస్టులో రియాచే గ్రామ సమీపమున సముద్రములో మునిగియున్న రెండు కంచు విగ్రహములను ఈతకు దిగిన ఒకరు కనుగొనిరి. అవి ఇప్పుడు రెజ్జో ప్రదర్శనశాలలో కలవు. నిలువెత్తు మనుష్యుని మించిన ఆ వీరులకు రాగి పెదవులు, ఒకనికి వెండి పండ్లు అమర్చబడినవి. నరములు సైతము ఉబికి కన్పించును. భూకంపములు తరచుగా వచ్చు ప్రాంతమగుటచే వానిని అదురును తట్టుకొను పీఠములపై నిలిపినారు. చూడవచ్చినవారి ఒడలి ధూళి విగ్రహములకు సోకకుండ, కొలదిమందిని మాత్రమే ఒకసారి లోనికి పంపుదురు. ఇంత ఆదరము పొందుచున్న ఆ వీరు లెవరో నిశ్చయము కాలేదు. పండితులు వారిని ‘మొదటివాడు’, ‘రెండవవాడు’ అని చెప్పినట్లుగా గుర్తు అక్షరములతో పిలుచుకొనుచున్నారు.

అదే శాలలో లోక్రి పురమునుండి వచ్చిన కంచు రేకులు కలవు. 1959లో జ్యూస్ దేవుని ఆలయమునకు చెందిన ఒక రాతి పెట్టెలో ముప్పది తొమ్మిది రేకులు దొరకినవి. అవి ఆలయ ధనాగారపు లెక్కలు. దేవుని ధనమునుండి పురము ఎంత అప్పు తీసికొన్నది, ఏ అధికారులున్నప్పుడు తీసికొన్నది, ఎందుకు తీసికొన్నది అనునవి వానిలో ఉన్నవి. ధాన్యము అమ్ముటవలనను, ఇటుకలు, పెంకుల వలనను వచ్చిన రాబడియు కలదు. కోటగోడల పనికైన వ్యయమును, ఒక ‘రాజు’నకు చెల్లించిన సొమ్మును కలవు. ఆ రాజు రోమనులతో పోరాడిన పిర్రస్ అని పెక్కుమంది పండితులు తలంచుచున్నారు. యుద్ధకాలమున సైతము ‘దేవుని సొమ్మే కదా’ యని వ్రాయకుండ తీసికొనుటకు ఆ పురవాసులు ఒప్పుకొనలేదు.

అచటినుండి తీరము వెంబడి ఈశాన్యముగా సాగినచో టరాంటో సింధుశాఖ యొడ్డున పొలికోరో పట్టణము వచ్చును. ఇది పూర్వపు హెరాక్లియా. క్రీ.పూ. 433 ప్రాంతమున ఇది ఏర్పడినది. క్రీ.పూ. 280లో ఈ పుర సమీపముననే పిర్రస్ ఏనుగులతో వచ్చి రోమను సేనను ఓడించెను. ఈ పురమునకు చెందిన రెండు పెద్ద కంచు రేకులు 1732లో దొరకినవి. ఇప్పుడవి నేపుల్సు జాతీయ పురావస్తు ప్రదర్శనశాలలో ఉన్నవి. వానిలో ఒక శకలము ఇంగ్లండువరకు పోయి, తరువాత తిరిగి తక్కిన భాగమును చేరినది.

ఆ రేకులపై గ్రీకు భాషలో వ్రాసినది ఏమనగా, డయోనిసస్ దేవుని మాన్యము, అథీనా దేవి మాన్యముల కొలత. క్రీ.పూ. నాల్గవ శతాబ్దపు చివరి ప్రాంతమున, దేవుని భూమిని కొందరు తమ సొంతమని దున్నుకొనుచుండిరి. పురజనులు సభచేసి, హద్దులు నిర్ణయించుటకు పెద్దలను ఎన్నుకొనిరి. వారు ఆక్రమించినవారిపై వ్యాజ్యములు నడిపి భూమిని తిరిగి రాబట్టిరి. పిమ్మట దానిని త్రాడుతో కొలిచి, సాగుభూమి యెంత, పొదలు, అడవి యెంత అని వేరువేరుగా లెక్కకట్టి, హద్దురాళ్ళు పాతించి, నడుమ విడిచిన బాటలను సైతము వ్రాయించిరి. డయోనిసస్ భూమిని నాలుగు భాగములు చేసి జీవితకాలపు కౌలునకిచ్చిరి. కౌలుదారు ఏటేట యవధాన్యమును ప్రజల గాదెకు తెచ్చి కొలువవలెను. అయిదేండ్ల కొకసారి జామీనుదారులను చూపవలెను. ద్రాక్ష, ఆలివు మొక్కలు నాటవలెను. నాటని ఒక్కొక్క ఆలివునకు పది వెండి నాణెములు దండుగ. పశువుల కొట్టము, గడ్డి కొట్టము కట్టవలెను.

ఈ షరతులను చదువుచుండగా ఎక్కడో దూరదేశపు ప్రాచీనులను గూర్చి చదువుచున్నట్లు తోచదు. మాన్యపు భూములు, హద్దు తగాదాలు, కౌలు బాకీలు ఎరిగిన ప్రతి గ్రామమునకును ఇది తెలిసిన కథయే. మరియు ఆ రేకులలో లేఖకుని పేరు అరిస్టోడామస్ అనియు, కొలత వేసినవాని పేరు నెయాపొలిస్ వాస్తవ్యుడు ఖైరెయాస్ అనియు చెక్కబడియున్నది. కంచు వీరులకు పేరు లేదు. త్రాడు పట్టి ఎండలో చేనులవెంట తిరిగిన ఖైరెయాస్ పేరు మాత్రము నిలిచినది. తాను కొలిచినదానికి తాను పూచీ యని పేరు వ్రాయుటయే ఇందులకు కారణము.

రోమనుల కాలమున, క్రీ.పూ. మొదటి శతాబ్దములో, ఆ రేకులలో ఒకదాని వెనుకవైపున లాటిను భాషలో ఒక చట్టమును చెక్కిరి. ఇంటి ముందరి వీధిని ఇంటివారే బాగుచేయించవలెననియు, ప్రతి పురమును జనాభా లెక్క తీయవలెననియు అందున్నది. ఒకే రేకు రెండు ప్రభుత్వములకు ఉపయోగపడినది.

నేపుల్సు శాలలోనే పాంపేయీ నగరపు వస్తువులును కలవు. క్రీ.శ. 79లో వెసూవియస్ అగ్నిపర్వతము ఆ నగరమును బూడిదతో కప్పివేసెను. 1875లో కెసీలియస్ యుకుండస్ అను వడ్డీ వ్యాపారి యింట ఒక పెట్టెలో నూట యేబదికి పైగా చెక్కపలకలు దొరకినవి. అవి వేలముల సొమ్ము ముట్టినట్లు ఇచ్చిన రసీదులు, పురమునకు కట్టిన శిస్తు రసీదులు. పలకలపై పూసిన మైనము పోయినది. కాని ఇనుప గంటము మైనమును దాటి చెక్కపై గీసిన గీతలు మిగిలినవి. వానినిబట్టి సాక్షుల పేర్లతోసహా పండితులు చదివిరి.

ఆ నగరముననే 1938లో దొరకిన ఒక దంతపు స్త్రీ ప్రతిమ ఇదే శాలలో కలదు. అది భారతదేశపు శిల్పుల పని. రోమను నౌకలు మన తీరములకు వచ్చిన దినములలో అది సముద్రము దాటినది. దానిని మధురలో చేసిరని కొందరు, దక్కను ప్రాంతమున చేసిరని మరికొందరు చెప్పుచున్నారు. దానిని ఎవరు అమ్మిరో, ఎవరు కొనిరో తెలుపు చీటి ఒక్కటియు దొరకలేదు. అందుచే ఆ చర్చ తెగలేదు.

ఈ పురములు బోధించునది ఇది. అందమైన వస్తువు చూచువారి కన్నుల ముందు నిలుచును. వ్రాసి దాచిన లెక్క న్యాయము పక్షమున నిలుచును. హెరాక్లియా పెద్దలు వ్రాయించి యుండనిచో, ఆ మాన్యము ఎవరిదో, దానిని ఎవరు తిరిగి రాబట్టిరో నేడు చెప్పువారు లేరు. ఒక గ్రంథాలయము ఇరువదియైదేండ్లు నడచిన పిమ్మట దాని పుస్తకములను అందరును మెచ్చుకొందురు. ఆ పుస్తకములు ఎవరి చందాతో కొన్నవో, ఎవరు తీసికొని ఎవరు తిరిగి ఇచ్చిరో తెలుపు పాత చిట్టాలను సైతము చెదలు పట్టనీయక కాపాడుట గ్రామస్థుల విధి. రాబోవువారు మన న్యాయమును వానిలోనే వెదకుదురు.