తెలంగాణలో గుర్రప్పందేలు: ప్రభుత్వ పర్యవేక్షణ, మందుల నిబంధనల చరిత్ర

తెలంగాణలో చట్టబద్ధంగా గుర్రప్పందేలు జరిగే చోటు ఒక్కటే, హైదరాబాద్‌లోని మలక్‌పేట రేస్‌కోర్సు. నిర్వహణ హైదరాబాద్ రేస్ క్లబ్‌ది. పందెం కాయడానికి లైసెన్సు, దాని మీద పన్ను, బయట సాగే జూదాన్ని అరికట్టడం ప్రభుత్వం పనులు. పరుగెత్తే గుర్రానికి ఏ మందు ఇవ్వవచ్చు, ఏది కూడదు, తప్పు చేసినవారికి శిక్ష ఏమిటి అన్నవి క్లబ్ రేసింగ్ నియమావళిలో ఉంటాయి. పందెం డబ్బు ప్రభుత్వం లెక్కలోకి, పందెపు గుర్రం ఒళ్ళు క్లబ్ లెక్కలోకి ఎలా వెళ్ళాయన్నదే ఈ చరిత్రలో అసలు సంగతి. రామగుండం, గోదావరిఖని బొగ్గు పట్టణాల్లో రేస్‌కోర్సు లేదు. అక్కడి జనానికి ఈ వ్యవహారం జూద నిరోధక చట్టం రూపంలోనే తెలుసు.

నిజాం కాలం

గుర్రాన్ని చూసి దాని సత్తా అంచనా వేయడం తెలుగువారికి పాత విద్య. విజయనగర కాలంలోనే మనుమంచిభట్టు గుర్రాల లక్షణాల మీద ‘హయలక్షణ విలాసము’ అనే పద్యకావ్యం రాశాడు. క్లబ్బులు, బహుమతులు, లెక్కల పుస్తకాలతో కూడిన పందేలు మాత్రం ఇంగ్లీషువారితో వచ్చాయి. మద్రాసు గిండీలో 1777 నుంచి పందేలున్నాయి. హైదరాబాద్ సంస్థానంలో అవి 1868లో మౌలాలిలో మొదలయ్యాయి. 1886లో ఆరో నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్ వాటిని తన మహబూబ్ మాన్షన్‌కు దగ్గరగా ఉంటుందని మలక్‌పేటకు మార్చారు.

అదే 1886లో సంస్థానపు ఖనిజాల హక్కుల కోసం ఇంగ్లాండులో హైదరాబాద్ (దక్కన్) కంపెనీ ఏర్పడింది. 1920లో సింగరేణి కాలరీస్ కంపెనీగా మారిన సంస్థకు మూలం అదే. బొగ్గు గనికీ మలక్‌పేట మైదానానికీ ఒకే ఏడాది పునాది పడింది. ఈ పోలికతో ముందు ముందు పని ఉంది.

సంస్థానం మొదట పట్టించుకున్నది జూదాన్ని. 1305 ఫసలీలో, అంటే 1895-96లో, హైదరాబాద్ జూద చట్టం వచ్చింది. గుర్రప్పందేల లైసెన్సుకూ పందెపు పన్నుకూ వేరే రెగ్యులేషన్ 1358 ఫసలీలో, అంటే 1948-49లో, సంస్థానం భారత యూనియన్‌లో కలిసిన రోజుల్లో వచ్చింది. రెండింటికీ గురి డబ్బు మీదే. హైదరాబాద్ రేస్ క్లబ్ 1961లో ఇప్పటి రూపం తీసుకుంది. 1978లో స్వతంత్ర టర్ఫ్ అథారిటీగా గుర్తింపు పొంది ముంబై, కోల్‌కతా, చెన్నై, బెంగళూరు క్లబ్బుల సరసన చేరింది. టర్ఫ్ అథారిటీ అంటే సొంత నియమావళి రాసుకుని, దాన్ని అమలు చేసి, తప్పొప్పులు తేల్చే అధికారం ఉన్న క్లబ్. ఆ అధికారం శాసనసభ ఇచ్చినది కాదు, క్లబ్బులు ఒకదాన్నొకటి ఒప్పుకోవడం వల్ల నిలిచినది.

నైపుణ్యమా, జూదమా

రాజ్యాంగం ఏడో షెడ్యూలులో పందేలు, జూదం రాష్ట్రాల జాబితాలో 34వ అంశం. వాటి మీద పన్ను, 2016 రాజ్యాంగ సవరణ దాకా, 62వ అంశం. అందుకే ఒక్కో రాష్ట్రం ఒక్కో దారి పట్టింది. ఆంధ్రప్రదేశ్ 1974లో రాష్ట్రమంతటికీ గేమింగ్ చట్టం చేసింది. మట్కా, సట్టా అన్నీ అందులో నేరాలే. గుర్రప్పందేనికి మాత్రం మినహాయింపు ఇచ్చి రెండు షరతులు పెట్టింది: పందెం కాయడం రేసు జరిగే రోజునే కావాలి, లైసెన్సు ఉన్నవారి దగ్గర, అందుకోసం కేటాయించిన ఆవరణలోనే కావాలి. ఆ గీత దాటితే అదే పందెం నేరం. 2016లో ఏర్పడిన రామగుండం పోలీస్ కమిషనరేట్ పరిధిలో, గోదావరిఖని సందులో ఎవరైనా గుర్రం మీద డబ్బు కాస్తే వర్తించేది ఆ చట్టమే.

అదే 1974లో తమిళనాడు గుర్రప్పందేలను పూర్తిగా రద్దు చేస్తూ చట్టం తెచ్చింది. మద్రాస్ రేస్ క్లబ్ కోర్టుకెళ్ళింది. 1986లో ఆ క్లబ్‌ను స్వాధీనం చేసుకోవడానికి ఇంకో చట్టం వచ్చింది. చివరికి 1996 జనవరిలో డాక్టర్ కె.ఆర్. లక్ష్మణన్ కేసులో సుప్రీంకోర్టు, గుర్రప్పందెం ప్రధానంగా నైపుణ్యం మీద ఆధారపడిన ఆటేనని తీర్పు చెప్పింది. గుర్రం వంశం, శిక్షణ, గత పరుగులు, మోసే బరువు, జాకీ చేవ తూచి చూసేవాడు గుడ్డిగా పందెం కాయడం లేదన్నది తీర్పు సారం. అంతకు ముందే, సికింద్రాబాద్‌లోని ఒక క్లబ్ మీద నడిచిన కేసులో, రమ్మీ విషయంలో కూడా సుప్రీంకోర్టు ఇదే దారిలో నైపుణ్యానికి మొగ్గింది. అయినా తెలంగాణ 2017లో గేమింగ్ చట్టాన్ని సవరించి డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ రమ్మీని నిషేధించింది.

మందుల నిబంధనకు చట్టపరంగా ఎంత బరువుందో 1996 తీర్పు చదివితే తెలుస్తుంది, తీర్పులో ఆ మాట లేకపోయినా. నిన్నటి పరుగులు చూసి రేపటి పరుగును అంచనా కట్టడమే నైపుణ్యం. గుర్రానికి రహస్యంగా సూది పడితే ఆ అంచనాకు ఆధారమే పోతుంది. మందుల పరీక్ష లేని పందేన్ని నైపుణ్యమని ఎలా అంటారు? ఇంత కీలకమైన పని ఏ రాష్ట్ర చట్టంలోనూ లేకుండా క్లబ్ పుస్తకానికే మిగిలిపోవడం న్యాయపరంగా పెద్ద లోటు.

మందుల నిషేధం ఎలా పుట్టింది

పంతొమ్మిదో శతాబ్ది చివర అమెరికన్ ట్రైనర్లు కొకైన్ కలిపిన మందులతో ఇంగ్లాండు గుర్రాలను ఊపేశారు. ఆ మందు ఎంత పని చేస్తుందో చూపించడానికి జార్జ్ లాంబ్టన్ అనే ట్రైనర్ తన గుర్రాలకే ఇచ్చి పరుగెత్తించాడు. 1903లో ఇంగ్లాండు జాకీ క్లబ్ దాన్ని నేరంగా ప్రకటించింది. 1910 ప్రాంతంలో వియన్నాలో గుర్రపు లాలాజలంలో మందులను పట్టే పరీక్ష రూపుదిద్దుకుంది. భారతీయ క్లబ్బుల నియమావళులు ఇంగ్లాండు నియమావళి పోలికలోనే పుట్టాయి.

ఇప్పుడు దేశదేశాలకు కొలబద్ద అంతర్జాతీయ గుర్రప్పందేల సమాఖ్య ఒప్పందంలోని ఆరో అధికరణం. ఇండియా కూడా ఈ ఒప్పందంలో ఉంది. రేసు రోజున గుర్రం ఒంట్లో నిషిద్ధ పదార్థం ఏదీ ఉండకూడదన్నది మూలసూత్రం. అనబాలిక్ స్టెరాయిడ్లు, ఎరిత్రోపొయెటిన్ లాంటివి రేసు రోజునే కాదు, ఎప్పుడూ నిషిద్ధమే.

ఆచరణలో ఇది కనిపించినంత సులువు కాదు, ఎందుకంటే గుర్రం తినే తిండిలోనూ కొన్ని మందులుంటాయి. లూసర్న్ గడ్డిలో సాలిసిలేట్ సహజంగానే ఉంటుంది. అందుకే సాలిసిలిక్ ఆమ్లానికి మిల్లీలీటరు మూత్రంలో 750 మైక్రోగ్రాముల పరిమితి పెట్టారు. కోకో పొట్టు దాణాలో కలిస్తే థియోబ్రోమిన్ బయటపడుతుంది. దానికి 2 మైక్రోగ్రాములు. ఒకప్పుడు గుర్రాల టానిక్కుల్లో వాడిన ఆర్సెనిక్‌కు 0.3 మైక్రోగ్రాములు. వంటసోడా సంగతి ఇంకా విచిత్రం. గొట్టంతో కడుపులోకి పోస్తే కండరాల్లో ఆమ్లం పెరగడం ఆలస్యమై గుర్రం అలసట తెలియకుండా పరుగెత్తుతుందని కొందరి నమ్మకం. దాన్ని పట్టడానికి రక్తంలో మొత్తం కార్బన్ డయాక్సైడ్‌ను కొలుస్తారు. ప్లాస్మా లీటరుకు 36 మిల్లీమోల్స్ దాటితే ట్రైనర్ జవాబు చెప్పాలి.

ప్రొకైన్ అన్నిటికంటే చిక్కుది. అది నొప్పి తెలియకుండా చేసే మందు. కుంటే గుర్రం కాలు మొద్దుబారితే అది కుంటదు, పరుగెత్తి ఎముక విరగ్గొట్టుకుంటుంది, పైనున్న జాకీ కూడా పడిపోతాడు. అదే ప్రొకైన్, పెన్సిలిన్ సూదిలోనూ ఉంటుంది, చాలా రోజులు ఒంట్లో నిలుస్తుంది. చికిత్సకు ఇచ్చారా, మోసానికి ఇచ్చారా అని మూత్రం చెప్పదు. 2017లో బెంగళూరులో గెలిచిన ఒక గుర్రం నమూనాలో ప్రొకైన్ కనిపించిన వ్యవహారం పోలీసు కేసు దాకా వెళ్ళింది. క్లబ్ గోడల మధ్య తేలే సంగతి క్రిమినల్ చట్టంలోకి వచ్చిన అరుదైన సందర్భం అది.

నమూనా తీయడం

రేసు అయ్యాక గెలిచిన గుర్రాన్నీ, స్టీవార్డులు (రేసు నియమాలు అమలు చేసే క్లబ్ అధికారులు) ఎంచిన ఇంకొన్నిటినీ చల్లబరిచి, గడ్డి పరిచిన గదికి తీసుకెళ్తారు. సైసు మెల్లగా ఈల వేస్తాడు. అలవాటైన గుర్రం ఆ ఈలకు మూత్రం పోస్తుంది. పోయకపోతే రక్తం తీస్తారు. ట్రైనర్ తరఫు మనిషి ముందే నమూనాను రెండు భాగాలు చేసి సీలు వేస్తారు. సీసా మీద గుర్రం పేరు ఉండదు, సంఖ్య ఉంటుంది. మొదటి భాగంలో మందు కనిపిస్తే రెండో భాగాన్ని వేరే ప్రయోగశాలలో పరీక్ష చేయించుకునే హక్కు ట్రైనర్‌కు ఉంది. ఢిల్లీలోని జాతీయ డోప్ టెస్టింగ్ ల్యాబొరేటరీ క్రీడాకారుల నమూనాలతో పాటు గుర్రాలవీ పరీక్షించగలదు. మొత్తం క్రమంలో ప్రభుత్వ సంస్థ కనిపించేది అక్కడే, అదీ అడిగిన పరీక్ష చేసి ఫలితం ఇవ్వడం వరకే. విచారణ స్టీవార్డులదే. తప్పు తేలితే గుర్రానికి బహుమతి పోతుంది, ట్రైనర్ లైసెన్సు ఆగుతుంది లేదా రద్దవుతుంది. మందు ఎవరు ఇచ్చారో తేలకపోయినా బాధ్యత ట్రైనర్‌దే.

బయటి కన్ను

గుర్రం పక్షాన కేంద్రం చేసిన ప్రయత్నం ఒకటుంది. 1960 నాటి జంతువులపై క్రూరత్వ నిరోధక చట్టం కింద 2001లో ప్రదర్శన జంతువుల నమోదు నియమాలు వచ్చాయి. పందెపు గుర్రాల నమోదు, ఉత్తేజక మందుల నిషేధం, దెబ్బ తీవ్రత తగ్గించే మెత్తటి కొరడాల వాడకం వాటిలో ఉన్నాయి. ఇవి జంతు సంక్షేమ నియమాలు. ట్రైనర్లకు లైసెన్సులిచ్చే, రేసులను రద్దు చేసే యంత్రాంగం వీటి వెనక లేదు.

అమెరికాలో పరిస్థితి చాలా కాలం ఇంతకంటే గందరగోళం. ఒక్కో రాష్ట్రానికి ఒక్కో కమిషన్, ఒక్కో మందుల జాబితా. పరుగులో ఊపిరితిత్తుల్లో నెత్తురు చిమ్మకుండా రేసు రోజునే ఫ్యూరోసెమైడ్ ఇవ్వడం అక్కడ మామూలు. ఇండియాలోనూ యూరప్‌లోనూ అది నిషిద్ధం. 1968 కెంటకీ డెర్బీలో మొదట వచ్చిన డాన్సర్స్ ఇమేజ్ ఫినైల్‌బ్యూటజోన్ వల్ల, 2021లో మొదట వచ్చిన మెడీనా స్పిరిట్ బీటామెథసోన్ వల్ల గెలుపు కోల్పోయాయి. 2020 డిసెంబరులో అమెరికా కాంగ్రెస్ చట్టం చేసి దేశవ్యాప్త అథారిటీని నెలకొల్పింది. దాని డోపింగ్ నిరోధక విభాగం 2023 మేలో పనిలోకి దిగింది. ఇండియాలో అలాంటి సంస్థ లేదు.

రామగుండం చదువరికి ఈ తేడా ఇంకో దారిలో అర్థమవుతుంది. సింగరేణిలో రాష్ట్రానికి 51 శాతం, కేంద్రానికి 49 శాతం వాటా ఉంది. అయినా గని కప్పు భద్రమా కాదా అని తనిఖీ చేసేది కంపెనీ ఒక్కటే కాదు. ధన్‌బాద్ కేంద్రంగా ఉన్న గనుల భద్రత డైరెక్టరేట్ జనరల్ అధికారులు బయటి నుంచి వచ్చి చూస్తారు, అవసరమైతే పని ఆపిస్తారు. ఈ పద్ధతి 1902లో మొదలైంది. బ్రిటన్ బొగ్గు గనుల్లో బండ్లు లాగిన పొట్టి గుర్రాలకు కూడా 1887 గనుల చట్టం ప్రభుత్వ ఇన్స్పెక్టర్ల రక్షణ ఇచ్చింది. మలక్‌పేటలో పరుగెత్తే గుర్రానికి అలాంటి ఇన్స్పెక్టర్ లేడు. పందేలు నడిపే క్లబ్బే నమూనా తీయిస్తుంది, తీర్పూ ఇస్తుంది. క్లబ్బుల పశువైద్యులు నిజాయితీగా పని చేయవచ్చు, చేస్తారు కూడా. అయినా ఒక సీజన్ ఆదాయం మీద ఆధారపడిన సంస్థకు తన మైదానంలో మందు దొరికిందని తానే ప్రకటించుకోవడం తేలిక కాదు.

పన్ను విషయంలో మాత్రం ప్రభుత్వం ఇలా దూరంగా ఉండలేదు. 2017 జులైలో జీఎస్టీ రాగానే గుర్రప్పందేలు 28 శాతం శ్రేణిలోకి వెళ్ళాయి. పన్ను పందెం మొత్తం మీదా, క్లబ్ కమీషన్ మీదా అన్న వివాదంలో 2021లో కర్ణాటక హైకోర్టు క్లబ్బుల పక్షాన నిలిచింది. 2023 అక్టోబరు నుంచి పూర్తి విలువ మీద పన్ను వేసేలా చట్టాన్నే మార్చారు. 2025 సెప్టెంబరు 22 నుంచి రేటు 40 శాతం.