కార్తెల చుక్కల దగ్గర గ్రహాల వేట

డిసెంబరు రాత్రి ఎనిమిదింటికి అంగళ్లు ఊళ్లో పొలం గట్టున నిలబడితే తూర్పున రోహిణి నివురు కప్పిన నిప్పులా ఎర్రగా కనబడుతుంది. అప్పుడే పునర్వసు పొడుస్తుంటుంది. స్వాతి కోసం తెల్లవారుజాము దాకా ఆగాలి. వేరుశనగ రైతుకు ఇవి కార్తెల పేర్లు. రోళ్లు పగిలే ఎండ రోహిణిది, విత్తనం అదను పునర్వసుది.

ఈ మూడూ ముసలి నక్షత్రాలు. నడిమిలో హైడ్రోజన్ అయిపోయి ఒళ్లు ఉబ్బినవి. రోహిణి అడ్డుకొలత సూర్యుడికి 40 రెట్లకు పైనే. మన సూర్యుడికీ సుమారు 500 కోట్ల ఏళ్లకు ఇదే గతి. అప్పుడు గ్రహాలేమవుతాయో తెలియాలంటే ఇలాంటి చుక్కల చుట్టూనే వెతకాలి.

1993లో ఖగోళ శాస్త్రజ్ఞులు ఆర్టీ హాట్జెస్, విలియం కోక్రన్ ఈ మూడూ నెలల తరబడి మన వైపుకూ అవతలికీ ఊగుతున్నాయని చెప్పారు. సూర్యుడి లాంటి నక్షత్రం చుట్టూ తొలి గ్రహం బయటపడింది 1995లో. అంటే అంతకు ముందే మన కార్తెల చుక్కల దగ్గరా వేట సాగింది!

గ్రహం లాగితే నక్షత్రం ఊగుతుంది. కానీ ఉబ్బిన చుక్క తనంతట తాను పెరిగి తగ్గుతున్నా, దాని ఒంటి మీది మచ్చలు తిరిగినా కొలతలో అదే ఊపు కనిపిస్తుంది. ఏది ఏదో తేల్చడానికి చూసే గుర్తుల్లో ఒకటి నక్షత్రపు వర్ణపటంలోని కాల్షియం గీత. అదే లయలో ఆ గీత వెలుగూ మారుతుంటే గ్రహం ఉందన్న మాటనే అనుమానించాల్సిందే.

ఆ గీతతో మనకు దగ్గరి బంధం ఉంది. హైదరాబాద్‌లో, నిజామియా వేధశాల ఉద్యోగి ఇంట పెరిగిన ఖగోళ శాస్త్రజ్ఞుడు వేణు బాపు, సాటి శాస్త్రజ్ఞుడు ఓలిన్ విల్సన్‌తో కలిసి 1957లో ఒక సంగతి బయటపెట్టారు. చల్లని నక్షత్రాల్లో ఆ గీత నడుమ సన్నటి వెలుగు ఎంత వెడల్పుగా ఉంటే ఆ చుక్క అసలు ప్రకాశం అంత ఎక్కువ. కుప్పం దాటి తమిళనాడులోకి వెళితే జవ్వాది కొండల్లో కావలూరు వస్తుంది. బాపు అక్కడ 1968లో 38 సెంటీమీటర్ల టెలిస్కోప్‌తో పని మొదలుపెట్టారు. 1982లో పోయారు. 2.34 మీటర్ల పెద్ద టెలిస్కోప్‌కు 1986లో ఆయన పేరే పెట్టారు. దాన్ని ఆయన చూడలేకపోవడం నాకు ఇప్పటికీ బాధే.

మళ్లీ మన కార్తెల చుక్కల దగ్గరికి వస్తే, పునర్వసుకు గ్రహం ఉందని 2006లో ప్రకటించారు. ఒక చుట్టుకు దాదాపు 590 రోజులు, బరువు కనీసం గురుడికి రెట్టింపు. రోహిణికీ ఉందని 2015లో అన్నారు. 2019లో మరిన్ని ఏళ్ల కొలతలు కలిపి చూస్తే లెక్క కుదరలేదు. 2021లో పునర్వసు అయస్కాంత క్షేత్రం కూడా దాదాపు అంతే కాలంలో మారుతోందని తేలింది. దాంతో అందరూ నమ్మిన ఆ గ్రహాన్నీ మళ్లీ పరీక్షకు పెట్టాల్సి వచ్చింది.