'తమస్' ఇంట్లో చూడొచ్చా?

శుక్రవారం సాయంత్రం అయ్యేసరికి ఆఫీసు వాట్సాప్ గ్రూపులో ఎవరో ఒకరు అడుగుతారు, ఈ వీకెండ్ చూడ్డానికి ఏమైనా మంచివి చెప్పమని. మిగతా వారమంతా కోడ్ రివ్యూల్లో నా మాట వినని వాళ్ళు కూడా ఆ ఒక్క పూట వింటారు. కాబట్టి ఆ ఉద్యోగాన్ని కాస్త శ్రద్ధగానే చేస్తాను. బెర్గ్‌మన్ స్వీడిష్ టీవీ కోసం 1973లో ఆరు భాగాలుగా తీసిన 'సీన్స్ ఫ్రమ్ ఎ మ్యారేజ్' చెప్పాను. పెళ్ళైనవాళ్ళు విడివిడిగా చూస్తే మంచిదని కూడా చెప్పాను. కీస్లోవ్‌స్కీ 'డెకలాగ్' చెప్పాను. వార్సాలో ఒక అపార్ట్‌మెంట్ల సముదాయం, పది కథలు, ఒక్కోటి సుమారు గంట. గేటెడ్ కమ్యూనిటీల్లో ఉండేవాళ్ళకి అంతకంటే దగ్గరి సీరియల్ ఏముంటుంది?

వీటితో ఎప్పుడూ ఇబ్బంది రాలేదు. ఇబ్బంది వచ్చింది మా ఇంటి గ్రూపులో. అక్కడ ఓసారి ఎవరో అడిగితే గోవింద్ నిహలానీ 'తమస్' లింకు పెట్టాను. పది నిమిషాల్లో పెదనాన్న దగ్గర్నుంచి జవాబొచ్చింది: "ఒరేయ్, ఇలాంటివి ఇప్పుడెందుకురా? పిల్లలు కూడా ఉన్న గ్రూపిది. మానిపోయిన పుండు గోకడం తప్ప ఏం లాభం?"

ఆయన మీద కోపం రాలేదు. ఈ మాట ఎక్కడో చదివినట్టుందే అనిపించింది. వెతికితే దొరికింది. 1988 జనవరిలో బొంబాయి హైకోర్టుకి వెళ్ళిన పిటిషన్‌లోనూ దాదాపు ఇదే మాట. ఆ కథ చెప్పాలంటే కొంచెం వెనక్కి వెళ్ళాలి.

అసలు మన దేశంలో టీవీ ఇంట్లోకి రావడానికి ముందు ఊళ్ళోకి వచ్చింది. ఢిల్లీలో 1959 సెప్టెంబరు 15న ప్రయోగాత్మకంగా ప్రసారాలు మొదలైన మాట నిజమే గానీ, అది కొద్దిమంది వ్యవహారం. 1975 ఆగస్టు 1న మొదలై సరిగ్గా ఏడాది నడిచిన 'సైట్' ప్రయోగం సంగతి వేరు. అమెరికా వాళ్ళ ఏటీఎస్-6 ఉపగ్రహాన్ని అరువు తెచ్చుకుని, ఆరు రాష్ట్రాల్లో సుమారు 2,400 పల్లెలకి నేరుగా బొమ్మ పంపారు. ఆ ఆరింట్లో ఆంధ్రప్రదేశ్ ఒకటి. సిగ్నల్ పట్టడానికి వాడిన గొడుగు యాంటెన్నాని కోళ్ళగూటికి కొట్టే ఇనుప వలతో చేశారు. ఇంజనీరుగా నాకు ఆ వివరం చదివినప్పుడల్లా ముచ్చటేస్తుంది. ఊరికో టీవీ, అందరూ దాని ముందు నేల మీద. చూపించింది వ్యవసాయం, ఆరోగ్యం, కుటుంబ నియంత్రణ, పిల్లలకి పాఠాలు. ఏం చూడాలో చెప్పింది సర్కారు. అప్పుడు నడుస్తున్నది ఎమర్జెన్సీ అని కూడా గుర్తుపెట్టుకోవాలి.

ఆ 'సైట్' కోసం పిల్లల కార్యక్రమాలు తీసినవాళ్ళలో శ్యామ్ బెనెగల్ ఒకరు. తిరుమలగిరిలో పుట్టి, నిజాం కాలేజీలో చదివిన మనిషి. అప్పటికే తెలంగాణ పల్లె నేపథ్యంలో 'అంకుర్' తీశాడు. ఆయన మళ్ళీ వస్తాడు ఈ కథలోకి.

టీవీ ఇళ్ళలోకి రావడం 1982 తర్వాతి మాట. ఢిల్లీ ఆసియా క్రీడలు, రంగుల బొమ్మ, జాతీయ కార్యక్రమం, అన్నీ ఆ ఏడే. తర్వాత రెండు మూడేళ్ళలో చిన్న పట్టణాల్లో కూడా ట్రాన్స్‌మిటర్లు లేచాయి. 1984 జులైలో 'హమ్ లోగ్' మొదలైంది. కుటుంబ నియంత్రణ సందేశం చెప్పాలని మెక్సికో సీరియళ్ళ నమూనాలో మొదలుపెట్టారు. జనం సందేశాన్ని వదిలేసి మనుషుల్ని పట్టుకున్నారు. మ్యాగీ నూడుల్స్ స్పాన్సర్ చేసింది. అక్కడ సర్కారుకీ కంపెనీలకీ కూడా ఒక సంగతి తెలిసొచ్చింది. దేశం మొత్తం ఒకే పూట ఒకే తెర వైపు చూస్తుంది.

తర్వాత ఓ అయిదేళ్ళు దూరదర్శన్‌లో వచ్చినవి తల్చుకుంటే ఇప్పటికీ నమ్మబుద్ధి కాదు. ఆర్.కె. నారాయణ్ కథలతో శంకర్ నాగ్ 'మాల్గుడి డేస్'. బెనెగల్ 'భారత్ ఏక్ ఖోజ్', నెహ్రూ జైల్లో రాసిన పుస్తకం మీద 53 భాగాలు. గుల్జార్ 'మిర్జా గాలిబ్', నసీరుద్దీన్ షా గాలిబ్‌గా, జగ్జీత్ సింగ్ గొంతుతో. ఆదివారం మధ్యాహ్నాలు ప్రాంతీయ భాషా చిత్రాలు, అడుగున ఇంగ్లీషు అక్షరాలతో. అంతకుముందే సత్యజిత్ రాయ్ ప్రేమ్‌చంద్ కథతో దూరదర్శన్ కోసం 'సద్గతి' తీసి ఉన్నాడు, 1981లో. గంట కూడా లేని ఆ సినిమాలో ఓం పురి ఎండలో కట్టెలు కొట్టే దృశ్యం చూశాక మీరు అన్నం తినలేకపోతే నా బాధ్యత కాదు.

నేను 1987లో పుట్టాను. వీటిలో దేన్నీ మొదటిసారి వచ్చినప్పుడు చూడలేదు. 'మాల్గుడి డేస్' మాత్రం తొంభైల్లో మళ్ళీ వేసినప్పుడు చూశాను, కర్నూల్లో, షట్టరున్న చెక్క టీవీలో. అమ్మకి హిందీ రాదు. నాన్నకి వచ్చు (కర్నూల్లో పెరిగినవాడికి హిందుస్తానీ అబ్బకుండా ఉండదు). కాబట్టి మా ఇంట్లో 'మాల్గుడి డేస్'కి రెండు సౌండ్ ట్రాకులు. ఒకటి టీవీది, ఒకటి నాన్నది. నాన్న ఒక వాక్యం వెనకబడి ఉండేవాడు. అందుకని అమ్మ నవ్వు ఎప్పుడూ మా నవ్వు కంటే ఆలస్యంగా వచ్చేది. చాలా తెలుగిళ్ళలో ఇదే వరస అయ్యుంటుంది. దూరదర్శన్ స్వర్ణయుగం అని మనం అనే దాంట్లో ఎక్కువ భాగం మన అమ్మలకి సగమే అందింది. స్వర్ణయుగం అన్నప్పుడల్లా నాకు ఆ ఆలస్యపు నవ్వు గుర్తొస్తుంది.

ఆగుంబెలో తీసిన ఆ సీరియల్ ఇప్పుడు చూస్తే నాకు ముందు కనిపించేది తొందర లేకపోవడం. స్వామి బడి ఎగ్గొట్టడం, తండ్రికి దొరికిపోవడం (తండ్రిగా గిరీష్ కర్నాడ్), అంతే కథ. మధ్యలో వానకి తడిసిన వీధి. లక్ష్మణ్ గీసిన బొమ్మలతో టైటిల్స్. శంకర్ నాగ్ 1990లో రోడ్డు ప్రమాదంలో పోయేనాటికి ఆయనకి 35. నా వయసు ఆ అంకె దాటిన రోజు నుంచి ఆ సీరియల్ చూడ్డం కొంచెం కష్టంగా ఉంది. మన రావిశాస్త్రి విశాఖకో, చాసో విజయనగరానికో ఇలాంటి ముప్ఫై తొమ్మిది భాగాలు రాసిపెట్టి ఉంటే బావుండేదని ఎన్నిసార్లు అనుకున్నానో.

ఇక 'తమస్'.

భీష్మ్ సాహ్నీ రావల్పిండిలో పుట్టాడు. 1947 అల్లర్లు కళ్ళారా చూశాడు. కానీ రాయలేదు. 1970లో భివండీలో మత కల్లోలాలు జరిగాక అన్న బల్‌రాజ్ సాహ్నీతో కలిసి అక్కడికి వెళ్ళాడు. కాలిపోయిన ఇళ్ళ మధ్య నడుస్తుంటే రావల్పిండి గుర్తొచ్చింది. అప్పుడు మొదలైంది నవల. అంటే పెదనాన్న అన్నట్టు మానిపోయిన పుండు కాదది. కొత్త పుండు పాత పుండుని గుర్తుచేస్తే రాసిన పుస్తకం. దానికి 1975లో సాహిత్య అకాడెమీ బహుమతి వచ్చింది. అటెన్‌బరో 'గాంధీ'కి పనిచేస్తున్న రోజుల్లో నిహలానీకి ఆ నవల ఢిల్లీలో ఒక పుస్తకాల షాపులో దొరికింది.

మొదటి దృశ్యం మీలో చాలామంది వినే ఉంటారు. నత్థూ అనే చర్మకారుడికి ఒకతను అయిదు రూపాయలిచ్చి ఒక పందిని చంపమంటాడు, పశువుల డాక్టరు గారికి కావాలని. రాత్రంతా ఒక కొట్టంలో మనిషీ పందీ. నత్థూగా ఓం పురి. అది తెల్లారి మసీదు మెట్ల మీద కనిపిస్తుంది. ఊరు అంటుకుంటుంది. తను చేసిందేమిటో నత్థూకి మెల్లగా అర్థమవుతుంది. ఎవరికి చెప్పాలో తెలియదు. నాకు అల్లర్ల కంటే ఎక్కువ భయం వేసింది ఆ దాచుకోవడం దగ్గర. భార్య పక్కన కూర్చుని ఏమీ జరగనట్టు ఉండటానికి అతను పడే అవస్థ. తర్వాతి భాగాల్లో ఊరొదిలి నడిచే ముసలి సిక్కు దంపతులు వస్తారు. ఆయన వేషం వేసింది రచయిత భీష్మ్ సాహ్నీయే. ఆమె దీనా పాఠక్. తను రాసిన పారిపోవడాన్ని తనే నడిచి చూపించాడు, డెబ్భై దాటాక.

కొన్ని భాగాలు వచ్చేసరికి గొడవ మొదలైంది. ఇది చూస్తే మళ్ళీ కొట్టుకుంటారు, ఆపండి అని బొంబాయి హైకోర్టుకి వెళ్ళారు. ఒక జడ్జి స్టే ఇచ్చారు. అది ఇద్దరు జడ్జీల బెంచి ముందుకి వచ్చింది, జస్టిస్ లెంటిన్, జస్టిస్ సుజాతా మనోహర్. వాళ్ళు ముందు చేసిన పని, సీరియల్ మొత్తం కూర్చుని చూడటం. దాదాపు అయిదు గంటలు. నాకు ఈ కథలో అన్నిటికంటే నచ్చేది ఇదే. చూడకుండా తీర్పు చెప్పలేదు. చూశాక స్టే ఎత్తేశారు. వ్యవహారం సుప్రీంకోర్టుకి వెళ్ళింది. 1988 ఫిబ్రవరి 16న అక్కడా పిటిషన్ కొట్టేశారు. ఒక బొమ్మ జనాన్ని రెచ్చగొడుతుందా అని తేల్చేటప్పుడు ఎవరి కళ్ళతో చూడాలన్నది అక్కడ ప్రశ్న. నాగపూర్ హైకోర్టులో వివియన్ బోస్ చెప్పిన కొలమానాన్నే తీసుకున్నారు. ప్రతి మాటలో ప్రమాదం వాసన పట్టే బెదురు మనిషి కాదు, నిబ్బరంగా, ధైర్యంగా ఉండే మామూలు మనిషి ప్రమాణం. అంటే సీరియల్ చూసేవాడు పెద్దవాడే అని కోర్టు నమ్మింది.

ఇంతా చెప్పి దూరదర్శన్‌కి దండ వేయడం నా ఉద్దేశం కాదు. అది అప్పటికి సర్కారు శాఖే. ప్రసార భారతి చట్టం 1990లో వచ్చినా అమల్లోకి వచ్చింది 1997లో. వార్తలంటే ప్రధానమంత్రి విమానం ఎక్కడం, దిగడం. 'తమస్' అంతమంది చూశారంటే ఇంకో ఛానెల్ లేకపోవడం పెద్ద కారణం. 1995లో ఈటీవీ, జెమినీ వచ్చాక మా ఇంట్లో హిందీ దాదాపు ఆగిపోయింది. నాన్న అనువాద ఉద్యోగం పోయింది. అమ్మ మాతో పాటే నవ్వడం మొదలుపెట్టింది. 2001లో 'అమృతం' వచ్చినప్పుడైతే మాకంటే ముందే నవ్వేది. ఆ సుఖాన్ని తక్కువ చేసి మాట్లాడే హక్కు నాకు లేదు. ఎంచుకునే వీలు లేనప్పుడు దొరికినవి గొప్పవి, వీలు దొరికాక మేము ఎంచుకున్నవి వేరు. ఈ లెక్క నాకు ఇప్పటికీ సరిగా తేలలేదు.

గ్రూపులో పెదనాన్నకి ఏం రాయాలో తెలీక నాన్నకి ఫోన్ చేశాను. "నువ్వు 'తమస్' చూశావా నాన్నా, అప్పట్లో?" అని.

చూశాడట. మాకప్పటికి టీవీ లేదు. వీధిలో ఉన్నది ఒక ఉర్దూ మాస్టారింట్లో. వారం వారం నాన్న వాళ్ళింటికెళ్ళి చూసేవాడు. మొదటి భాగంలో మసీదు మెట్ల దృశ్యం వచ్చినప్పుడు గదిలో ఎవరూ ఎవరి వైపూ చూడలేదట. "తర్వాతి వారం వెళ్ళాలా వద్దా అని ఆలోచించాను. వెళ్ళకపోతే ఏమనుకుంటారో, వెళితే ఏమనుకుంటారో. ఆ టైముకి ఆయనే మన గుమ్మం దగ్గరికొచ్చి, రావా ఇవాళ, అన్నాడు."

"చూశాక ఏం మాట్లాడుకునేవాళ్ళు?"

"ఏం మాట్లాడుకోలేదురా. చాయ్ తాగేవాళ్ళం. ఒకరోజు మధ్యలో బొమ్మ పోతే ఆయన మిద్దె ఎక్కి యాంటెన్నా తిప్పాడు. నేను కింద నిలబడి, వచ్చింది, పోయింది, అని అరిచాను."

ఆ రాత్రి పెదనాన్నకి విడిగా మెసేజ్ పెట్టాను. లింకు గ్రూపులోంచి తీసేశాననీ, ఆయనకి మాత్రం మళ్ళీ పంపుతున్నాననీ, మొదటి భాగం చూశాక ఎన్ని తిట్లైనా తిట్టమనీ. రెండు నీలం టిక్కులు పడ్డాయి. జవాబింకా రాలేదు.